కొండమీద వాంగ్మూలం

జన్నారం అడవుల్లో ముప్పై ఒక్క ఏళ్లు జింకలను చంపినవాళ్లను పట్టుకోవడమే వృత్తిగా బతికి, రేంజి ఆఫీసరుగా రిటైరైన కిషన్‌రావు, అరవై ఏడో ఏట, జింకను చంపబోతున్న సొంత అల్లుడి వెనకాల ఒక స్కాట్లండ్ కొండ ఎక్కుతున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. తనే వస్తానన్నాడు. అన్న క్షణం నుంచీ ఆయన చేతులకు నిలకడ లేదు. అవి జేబులోని తాళంచెవులను తిప్పుతాయి, కళ్లజోడు తీసి తుడుస్తాయి, తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడుస్తాయి.

ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో కూతురి ఇంటికి వచ్చి ఆరు వారాలైంది. అల్లుడు దినేశ్ అక్కడ విమాన భాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. రెండేళ్లుగా అతనికి ఈ వేట పిచ్చి పట్టుకుంది. పిచ్చి అన్నది కూతురు రచన మాట; కిషన్‌రావు మాటలను తూచి వాడే మనిషి కనుక ఆసక్తి అనేవాడు. ఊరి బయట ఒక రైతుకు చిన్న అడవి ఉంది. అందులో నాటిన మొక్కను జింకలు మొక్కగా ఉండనివ్వవు. సర్టిఫికెట్ తెచ్చుకుంటే వాటిని అదుపులో ఉంచే పని నీకే అప్పగిస్తానని ఆ రైతు దినేశ్‌కు మాట ఇచ్చాడు. సర్టిఫికెట్ రావాలంటే మూడు వేటలు, అర్హత గల సాక్షి కళ్లముందు, తప్పు లేకుండా చేసి చూపించాలి. రెండు అయ్యాయి. మూడోది ఈ రోజు. సాక్షి పేరు కాలమ్. ఈ ఎస్టేటుకు వేటకని వచ్చే అతిథులను ఇరవై ఏళ్లుగా కొండమీద నడిపిస్తున్నవాడు. అతని కోటు లోపలి జేబులో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. సాయంత్రానికి దానిమీద అతని సంతకం పడాలి.

"నాన్నా, ఆడ ఊకె మాట్లాడకు," అని రచన రైలెక్కించేటప్పుడు మరీమరీ చెప్పింది. "నీ ఆఫీసర్‌గిరీ ఆడ జేయకు. ఆయనకు ఇది మస్తు ఇంపార్టెంట్."

"నేనేం మాట్లాడ్త బిడ్డా. నోరు మూసుకొని కూసుంట."

నోటి మట్టుకు ఆయన మాట నిలుపుకున్నాడు.

రావడానికి కారణం కుతూహలం. జింకను చంపడం నేరమైన దేశంలో ఉద్యోగం చేసినవాడికి, చంపకుండా వదిలేయడం నిర్లక్ష్యమనుకునే దేశం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. బసలో పెట్టిన కరపత్రాన్ని రెండుసార్లు చదివాడు. తోడేళ్లు ఈ దీవిలో అంతరించి శతాబ్దాలైంది. జింకల లెక్క లక్షలకు చేరింది. అవి చెట్టును మొలకెత్తనివ్వవు, చలికాలం చివర మేత చాలక కొండవాలుల్లో పడి చస్తాయి. వాదంలో ఎక్కడైనా లొసుగు దొరుకుతుందేమోనని వెదికాడు. దొరకలేదు. పులి లేని అడవిలో పులి పని ఎవరో ఒకరు చేయాలి. బుద్ధికి అభ్యంతరం లేదు. అభ్యంతరం మరెక్కడో ఉంది. అది ఎక్కడో తేలక ఆయన పొద్దున టీ కూడా సగమే తాగి లేచాడు.

కొండెక్కే ముందు ఆనవాయితీ ప్రకారం ఒక పరీక్ష జరిగింది. ఎంత పేరున్న అతిథి అయినా ముందు ఎస్టేటు రైఫిలుతో గురిపలక మీద కాల్చి చూపించాలి. కాల్చలేనివాడు కొండకు రాడు. దినేశ్ మూడు గుండ్లు కాల్చాడు. మూడు చిల్లులనూ కలిపి ఒక అగ్గిపెట్టెతో మూయవచ్చు.

"మీరు కాలుస్తారా?" అన్నాడు కాలమ్ కిషన్‌రావుతో, మర్యాదకు.

"నేను చూడటానికే వచ్చాను."

"చూడటం కూడా పనే. నేను వంగితే వంగండి, పాకితే పాకండి, ఆగితే ఆగండి. చప్పుడు వద్దు. కదలిక అసలే వద్దు."

కిషన్‌రావు అల్లుడి వైపు తిరిగి, "కొలువుల చేరిన దినం మా డీఎఫ్ఓ గూడ గివే మాటలు జెప్పిండు," అన్నాడు.

"ఈయన మీ డీఎఫ్ఓ కంటే స్ట్రిక్ట్ మామయ్యా. ఆ తాళంచెవులు కాలమ్ బండిల పెట్టి రాండ్రి, గలగలమంటున్నయి."

అక్టోబరు రెండో వారం. మగజింకలు ఆడవాటి కోసం కొట్లాడుకునే కాలం. కొండల మధ్య ఎక్కడో ఒకటి బొంగురుగా రంకె వేస్తే, ఇంకెక్కడో ఇంకొకటి దానికి బదులిస్తోంది. చెట్టన్నది లేదు. గోధుమరంగు గడ్డి, మోకాలెత్తు హెదర్ పొదలు, అడుగేస్తే నీళ్లు చిమ్మే నల్లనేల. గాలి ఒక్క చోట నిలవదు. కాలమ్ మాటిమాటికీ గుప్పెడు గడ్డి తెంపి పైకి విసిరి, అది పోయిన దిక్కు చూసి దారి మారుస్తున్నాడు. రెండు గంటల్లో నాలుగుసార్లు మార్చాడు. కిషన్‌రావుకు ఊపిరి ఆడుతూనే ఉంది, మోకాళ్లూ సహకరిస్తూనే ఉన్నాయి. మనసే, చెప్పులో రాయి పడ్డ మనిషిలా, ప్రతి అడుగుకూ ఇబ్బంది పడుతోంది.

చివరికి ఒక మిట్ట వెనక కాలమ్ నేలకు అంటుకుపోయాడు. మిగిలిన ఇద్దరూ అదే పని చేశారు. నూట నలభై మీటర్ల దూరంలో, వాలు మీద, ఒక ముసలి మగజింక. మన కణుజు, అంటే సాంబర్ జింక, అంత ఉంటుంది. డొక్కలు లోపలికి పోయాయి. ఒక కొమ్ము సగంలో విరిగింది.

"అదే," అన్నాడు కాలమ్ గుసగుసగా. "ఈ చలికాలం దాటదు. పక్కకు తిరిగే వరకు ఆగు. తొందర వద్దు."

పద్ధతి ప్రకారం కాలమ్ రైఫిలు పక్కన, బైనాక్యులర్స్ కళ్లకు ఆనించి పడుకున్నాడు. చూడటానికి వచ్చినవాడి స్థానం కాల్చేవాడి కాళ్ల వెనక. దినేశ్ కుడి బూటు కిషన్‌రావు ముఖానికి జానెడు దూరంలో ఉంది. దాని మీదుగా ఆయనకు అల్లుడి వీపు, నిశ్చలంగా నిలిచిన రైఫిలు గొట్టం, దానికి ఆవల తలెత్తి గాలి పీలుస్తున్న జంతువు కనిపించాయి.

ఈ దృశ్యం ఆయనకు కొత్త కాదు. నేలకు కరుచుకున్న మనిషి, గురిపెట్టిన గొట్టం, తలెత్తిన జంతువు. ఈ మూడూ ఒకే చూపులో ఇమిడినప్పుడు ఉద్యోగంలో చేయవలసిన పని ఒక్కటే ఉండేది. ఆ పనిని ఆయన చేయి చేసింది. ఆయనను అడగలేదు. ముందుకు పోయి దినేశ్ చీలమండను పట్టి వెనక్కి గుంజింది.

రైఫిలు పేలింది.

జింక ముందుకు తూలింది, పడబోయి నిలదొక్కుకుంది, మూడు కాళ్ల మీద ఎగురుకుంటూ మిట్ట దాటిపోయింది. కాలమ్ రైఫిలు అందుకునేలోపు అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

"కాలికి తగిలింది," అన్నాడు కాలమ్. గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర.

"తప్పు నాదే," అన్నాడు దినేశ్. అతని ముఖం బూడిదరంగుకు తిరిగింది. "నేనే సరిగ్గా కాల్చలేదు. సారీ. వెరీ సారీ."

కిషన్‌రావు చేయి అప్పటికే వెనక్కి వచ్చి, ఏ పాపమూ ఎరగనట్టు ఛాతీ కింద దాక్కుంది. ఆయన నోరు తెరిచాడు. ముందు జింక దొరకనీ, మాట తరవాత చెప్పవచ్చు అనుకొని మూశాడు. ఈ ఆలోచనలో తర్కం ఉంది. దానికి వాయిదా అనే ఇంకో పేరు ఉన్న సంగతి కూడా ఆయనకు తెలుసు.

జాడ వాసన పట్టే కాలమ్ కుక్క పాదం కోసుకొని ఇంటి దగ్గర ఉందట. కాలమ్ మిట్టెక్కి బైనాక్యులర్స్‌తో ఎదుటి వాలులు గాలించడం మొదలుపెట్టాడు. కిషన్‌రావు జింక నిలబడిన చోటికి పోయి గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి వేళ్ల మధ్య ఏదో పట్టుకొని పిలిచాడు.

"వెంట్రుకలు పొట్టివి, ముదురు రంగువి. ఇదిగో ఎముక ముక్క. ముందు కాలు, మోకాలికి పైన. నెత్తురులో నురగ లేదు కాబట్టి ఊపిరితిత్తులకు తగల్లేదు. ఇది ఎత్తుకు ఎక్కదు. నీళ్ల వైపు దిగుతుంది."

కాలమ్ ఆయనను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "చూడటానికి వచ్చానన్నారు?"

"చూస్తూనే ఉన్నాను."

అక్కడి నుంచి దారి ఆయనదైంది. హెదర్ కొమ్మ మీద ఒక చుక్క. ఇరవై అడుగులు ఏమీ లేదు. రాతి అంచున ఇంకో చుక్క. మెత్తటి నేలలో మూడు గిట్టల అచ్చులు, నాలుగో దాని స్థానంలో ఈడ్చిన గీత. సన్నటి వాన మొదలై నెత్తురును కడిగేయసాగింది. అచ్చు పోయిన చోటల్లా ఆయన వెనక్కి వచ్చి, చివరి అచ్చు దగ్గర దినేశ్‌ను నిలబెట్టి, చుట్టూ అర్ధచంద్రాకారంగా తిరిగి మళ్లీ పట్టుకునేవాడు. పనిలో ఉన్నంతసేపు చేతులు నెమ్మదించాయి. ఆగిన ప్రతిసారీ జేబులో లేని తాళంచెవులను వెదికాయి.

"రెండేండ్లు, మామయ్యా," అన్నాడు దినేశ్ ఒక చోట. "ప్రతి సండే షూటింగ్ రేంజికి పోయిన. వానల, మంచుల. ఒక్కటంటే ఒక్క షాట్ గింత తప్పలే. పొద్దుగాల మీరే జూసిన్రు గద. ఇయ్యాల ఏమైందో నాకే సమజైతలేదు."

"ఊఁ."

"సర్టిఫికెట్ పోతె పాయె. అది ఎక్కడ్నో మూడు కాళ్ల మీద నడుస్తున్నది. దాన్నెట్ల మర్చిపోవాలె?"

కిషన్‌రావు కళ్లజోడు తీసి తుడిచాడు. వానలో తుడవడం వల్ల ప్రయోజనం లేదు. ఇప్పుడు చెప్పవచ్చు. చెబితే అల్లుడు ఇక్కడే కూలబడతాడు, జింక దొరకదు అని మనసు రెండో కారణం తెచ్చింది. మొదటి కారణం కంటే ఇది ఇంకా బాగుంది. కారణాలు ఇంత తేలికగా దొరుకుతున్నాయంటే వాటి విలువ ఎంతో ఆయన అంచనా కట్టగలడు.

"నడువు, దినేశ్. అచ్చు పోతది," అన్నాడు.

నాలుగు కావస్తుండగా జింక దొరికింది. నల్లనేలను కోసుకుంటూ పారే వాగు ఒడ్డున, మనిషెత్తు గట్టు కింద, కాలు మడుచుకొని పడుకొని ఉంది. కాలమ్ రైఫిలు తనే తీసుకున్నాడు. ఒకసారి గాయపరచినవాడి చేతికి అదే రోజు మళ్లీ ఇవ్వకపోవడం అతని నియమం. ముప్పై అడుగుల దూరం నుంచి ఒక్క గుండు. తల నేలకు వాలింది. దినేశ్ పక్కకు తిరిగి నిలబడ్డాడు. కిషన్‌రావు తిరగలేదు. చూడవలసిన బాధ్యత ఉందని అనుకొని చూశాడు.

ఆ తరవాత కాలమ్ బండ మీద కూర్చొని, టోపీ నీడన కాగితం విప్పి, పెన్సిలు తీశాడు.

"రాయవలసింది రాయక తప్పదు," అన్నాడు దినేశ్‌తో, కటువుగా కాదు.

"రాయండి."

"ఆగండి," అన్నాడు కిషన్‌రావు. అటెన్షన్‌లో నిలబడ్డాడు. వేరే విధంగా చెప్పడం ఆయనకు రాదు. "నా పేరు కిషన్‌రావు. తండ్రి పేరు సదాశివరావు. వయసు అరవై ఏడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను ఈ దినేశ్ వెనక పడుకొని ఉన్నాను. రైఫిలు పేలడానికి ముందు క్షణంలో నేను అతని కుడి చీలమండ పట్టి గుంజాను. గుండు దారి తప్పడానికి కారణం నేను. అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అది రెండో తప్పు."

కాలమ్ పెన్సిలు కదపలేదు. నెమ్మదిగా చిరునవ్వు నవ్వాడు.

"మీవంటి మామగారు ఉండటం అతని అదృష్టం."

"నేను చెప్పింది నిజం."

"నా కోసం అంటున్నారు," అన్నాడు దినేశ్ ఇంగ్లీషులో, తల దించుకొని. "మా దగ్గర పెద్దవాళ్లు ఇంతే. తప్పు నాదే, రాయండి." మళ్లీ తెలుగులో, "మామయ్యా, ప్లీజ్. పరువు దీయకుండ్రి," అన్నాడు.

ఇలాంటి మాట కిషన్‌రావు ఇదివరకు విన్నాడు. చాలా ఏళ్ల కిందట, ఉట్నూరు దగ్గర, మడావి బాబూరావు అనే గోండు జీతగాడు ఇలాగే చేతులు కట్టుకొని తన ముందు నిలబడి, దుప్పిని నేనే కొట్టిన సార్ అన్నాడు. కొట్టింది అతని యజమాని కొడుకని కిషన్‌రావుకు తెలుసు. బాబూరావు గుడిసెలో తుపాకి కాదు కదా, దీపావళి టపాకాయ కూడా దొరకదు. అయినా రాసుకొని వేలిముద్ర వేయించాడు. ఒప్పుకోలు ఉంటే కేసు నిలుస్తుంది. బాబూరావు జైలుకు పోయాడు. ఆనాడు అబద్ధపు ఒప్పుకోలును తాను ఒక్క ప్రశ్న వేయకుండా అంగీకరించాడు. ఈనాడు నిజపు ఒప్పుకోలును కాలమ్ ఒక్క ప్రశ్న వేయకుండా తోసేస్తున్నాడు. రెండు చోట్లా లోపం ఒక్కటే. ఎవరూ పరీక్షించలేదు.

"నన్ను నమ్మమని అడగడం లేదు," అన్నాడు. "పరీక్షించమంటున్నాను. రైఫిలు ఖాళీ చేయండి. అదే విధంగా పడుకోబెట్టండి. నేను అదే విధంగా కాలు పట్టి గుంజుతాను. గురి కదులుతుందో లేదో చూద్దాం."

కాలమ్ ఆకాశం వంక చూశాడు. వెలుతురు ఇంకా ఉంది. భుజాలెగరేసి, రైఫిలులోని గుండ్లు తీసి, గుండు కూర్చునే ఖాళీ అరను రెండుసార్లు వేలితో తడిమి చూసుకున్నాడు. దినేశ్ అయిష్టంగా పడుకొని వాగుకు అవతల ఉన్న తెల్లరాయికి గురిపెట్టాడు. కిషన్‌రావు వెనక పడుకొని చీలమండ పట్టి గుంజాడు.

"కదలలేదు," అన్నాడు దినేశ్ వెంటనే.

"అబద్ధం జెప్పకు బిడ్డా."

"నిజంగనే కదలలే."

"ఇతని మాట చెల్లదు," అన్నాడు కిషన్‌రావు కాలమ్‌తో. "ఫలితం ఏం రావాలో ముందే నిర్ణయించుకున్నవాడు పరీక్షకు పనికిరాడు. నేనూ పనికిరాను. మీరు పడుకోండి. ఎప్పుడు గుంజుతానో చెప్పను."

కాలమ్ నవ్వడం మానేశాడు. టోపీ వెనక్కి తిప్పి, రైఫిలు వెనక తడినేల మీద పడుకొని, కన్ను స్కోపుకు ఆనించాడు. కిషన్‌రావు కదలకుండా ఉన్నాడు. నిమిషం గడిచింది. ఆ రోజంతటిలో పని లేకుండా ఆయన చేతులు కుదురుగా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. అప్పుడు పట్టి గుంజాడు.

కాలమ్ కన్ను స్కోపు నుంచి తీయలేదు. "ఇంకోసారి," అన్నాడు. రెండోసారి. మూడోసారి. లేచి మోకాళ్ల బురద దులుపుకున్నాడు.

"మూడుసార్లూ కిందికే పోయింది," అన్నాడు. "నూట నలభై మీటర్లకు లెక్కేస్తే జానెడున్నర. సరిగ్గా ఛాతీ నుంచి కాలికి."

దినేశ్ బండ మీద కూలబడ్డాడు. కుడి చీలమండను తడుముకున్నాడు.

"ఏదో గుంజినట్టు అనిపించింది," అన్నాడు చివరకు. "మిమ్మల్ని అడగాల్నంటే నోరు రాలే."

"మరి తప్పు నాదని ఎందుకన్నవ్?"

"ట్రిగ్గర్ మీద వేలు నాదే గద." గొంతు ఒక్కసారిగా లేచింది. "మూడున్నర గంటలు, మామయ్యా! పక్కపక్కనే నడిచినం. అది ఎక్కడ్నో నడుస్తున్నదని నేను ఏడ్చినంత పని జేస్తుంటే, ఊఁ అన్నరు. ఊఁ! కాలు వట్టినందుకు గాదు నాకు కోపం. పెండ్లిల అల్లుని కాళ్లు కడగనంటిరి, మూఢాచారమంటిరి, సరే అన్న. ఇయ్యాల పట్టుకుంటిరి, అదీ సరే. కని ఆ ఊఁ..."

"కోపానికి వచ్చే హక్కు నీకున్నది," అన్నాడు కిషన్‌రావు. "నేను తీసెయ్య."

కాలమ్‌కు భాష తెలియకపోయినా విషయం తెలిసింది. వాళ్లిద్దరూ ఆగే వరకు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. తరవాత అన్నాడు: "ట్రిగ్గర్ నొక్కేవాడు తన వెనక ఏముందో కూడా చూసుకోవాలి. అతిథులను పడుకోబెట్టిన నేను ఇంకా ముందు చూసుకోవాలి. ఈ వేటను లెక్కలోకి తీసుకోను. పాసూ లేదు, ఫెయిలూ లేదు. నవంబరులో ఆడజింకల వేటకాలం ఉంటుంది, అప్పుడు రా, దినేశ్. ఒక్కడివే రా."

"జరిగింది రాయండి," అన్నాడు కిషన్‌రావు.

"రాయకపోయినా ఎవరూ అడగరు."

"రాయండి."

కాలమ్ రాశాడు. వెంట వచ్చిన వ్యక్తి కాల్చేవాడి కాలు పట్టుకున్నాడనీ, తను మూడుసార్లు పరీక్షించి నిర్ధారించుకున్నాననీ, వేట చెల్లదనీ మూడు వాక్యాలు. కాగితం కిషన్‌రావు చేతికిచ్చాడు. ఆయన ప్రతి వాక్యాన్నీ చదివి, ఎక్కడా ఎక్కువ తక్కువలు లేవని తేల్చుకొని, కింద సంతకం చేశాడు. ఇలాంటి కాగితాల మీద ఆయన సంతకం ఎప్పుడూ పై భాగంలో, అధికారి గడిలో పడేది.

జింక కొమ్ములకు తాడు కట్టారు. బండి ఆగిన చోటు మైలున్నర దూరంలో ఉంది. అతిథులు లాగే పద్ధతి లేదని కాలమ్ అన్నాడు. కిషన్‌రావు విననట్టే తాడు రెండో కొసను మణికట్లకు మెలిపెట్టుకున్నాడు. దినేశ్ వచ్చి పక్కన నిలబడి, అదే తాడును కొంచెం ముందుగా పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి లాగారు. తడిగడ్డి మీద బరువు బరబరా కదిలింది.

సగం దారిలో, ఎడమవైపు వాలు మీద, చాలా దగ్గరగా ఇంకో మగజింక రంకె వేసింది. కాలమ్ ఆగి, అలవాటు కొద్దీ భుజం మీది రైఫిలు పట్టీ సర్దుకున్నాడు.

"మామయ్యా," అన్నాడు దినేశ్ వెనక్కి తిరగకుండానే, "చేతులు జాగ్రత్త."

కిషన్‌రావు వేళ్లు అప్పటికే బిగుసుకున్నాయి. మణికట్లకు మెలిపెట్టిన తాడు వాటిని ముందుకు పోనివ్వలేదు.